తీరిక వేళ పనికి తీరిక ధరా?

చేతిపనితో బతకలేమన్న మాటను ఇప్పుడెవరూ వాదించి నిలబెట్టరు. వాదన అక్కర్లేనంత నిజమని అందరికీ నమ్మకం. కూతురు ఇంటర్ అయ్యాక బట్టల డిజైన్ చదువుతానంటే విశాఖలో తండ్రి ఆ మాటే అంటాడు. కొడుకు మగ్గం గుంటలో కూర్చుంటానంటే చీరాలలో తల్లి అంతకంటే గట్టిగా అంటుంది. ఆమె అనుభవించి అంటోంది, ఆమెను తప్పుపట్టలేను. నా పేచీ ఆ మాటనే కాస్త నాగరికంగా, రెండు ముక్కలు చేసి చెప్పేవాళ్లతో. వాళ్ల లెక్కలో బట్ట ఎలా ఉండాలో చెప్పేవాళ్లకు ఉన్నది కెరీర్, ఆ బట్టను నేసేవాళ్లకూ కుట్టేవాళ్లకూ ఉన్నది సంస్కృతి. మొదటిదానికి కాలేజీ, ఫీజు, ప్లేస్‌మెంటు ఉంటాయి. రెండోదానికి మేళా, జ్ఞాపిక, మంత్రిగారితో ఫోటో ఉంటాయి.

ఈ విభజన మార్కెట్టు ఇచ్చిన తీర్పనీ, దానికెవరూ బాధ్యులు కారనీ అంటారు. నేను కాదంటాను. చేతిపనికి ధర రాకపోవడానికి పనితనం చాలకపోవడం కారణం కాదు. కొనేవాళ్లు లేకపోవడమూ కాదు. యంత్రం వచ్చి పడిందన్నది సగం నిజం మాత్రమే. అసలు సంగతేమిటంటే, ఆ పనికి పట్టిన గంటలను ఎవరూ ఎక్కడా లెక్క రాయలేదు. రాయకపోవడం వల్ల కొందరికి లాభం ఉంది కాబట్టే రాయలేదు. ఇది చూడటానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. నాగావళి వెంట పైకి నడిస్తే చాలు.

శ్రీకాకుళం దాటి సముద్రంలో కలిసే నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, కల్యాణసింగ్‌పూర్, రాయగడల మీదుగా దిగి వస్తుంది. దిగువన పొందూరు ప్రాంతంలో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వెంట్రుకంత సన్నని నూలు తీసే ఆడవాళ్లు ఉన్నారు. ఎగువన కల్యాణసింగ్‌పూర్ చుట్టుపక్కల నియమగిరి కొండల్లో తెల్లని ముతక గుడ్డ మీద సూదితో శాలువాలు కుట్టే డొంగ్రియా కోంధ్ ఆడపిల్లలు ఉన్నారు. ఒక నది, రెండు చివరలా ఆడవాళ్ల చేతిపనే. పొందూరు మనదని గొప్పగా చెప్పుకుంటాం, గాంధీ పేరు కూడా జోడిస్తాం. పైనున్న వాళ్లు మనకు పరాయివాళ్లు. నిజానికి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఆ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోవే. కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ జిల్లా అయింది 1992లో. డొంగ్రియాలు మాట్లాడే కువి ద్రావిడ భాష, తెలుగుకు దగ్గరి చుట్టం. అయినా వాళ్ల గురించి మనకు తెలిసింది 2013లో పత్రికలు రాసినంతే. సుప్రీంకోర్టు తీర్పు మేరకు పన్నెండు పల్లెల్లో సభలు పెట్టి బాక్సైటు తవ్వకం గురించి అడిగితే, పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. ఆ కొండమనుషుల భుజాల మీద కనిపించే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కుట్టుపని శాలువా ఏమిటని మనలో ఎంతమంది అడిగారు?

దాని పేరు కపడాగండా. గుడ్డను డొంగ్రియాలు నేయరు. పొరుగున ఉండే డోమ్ నేతవాళ్ల దగ్గర తీసుకోవడం పాత పద్ధతి. దారాలు సంతలో కొంటారు. ఆ తర్వాత పనంతా అమ్మాయిదే. చట్రం ఉండదు. కార్బను కాగితం ఉండదు. గుడ్డ మీద ముందుగా పెన్సిలుతో గీసుకున్న గీత ఒక్కటి కూడా ఉండదు. నేత పోగుల ఆసరాతో సూది నడుస్తూ పోతుంది. బారులు తీరిన గీతలు, వాటి మీద త్రిభుజాలు. ఆ త్రిభుజాలు కొండలు. కొండ వాళ్లకు దేవుడు, నియమరాజు. వయసొచ్చిన అమ్మాయి పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటుంది. కుట్టింది అన్నకో తమ్ముడికో ఇస్తుంది, మనసుపడ్డవాడికి ఇస్తుంది, తానూ కప్పుకుంటుంది.

డిజైన్ కాలేజీలో మొదటి ఏడాది నేర్పేవి ఏమిటి? ఖాళీని ఎంత వదలాలి, అంచు బరువు మధ్యభాగాన్ని మింగకుండా ఎలా ఆపాలి, మూడు రంగులతోనే కంటికి విసుగు పుట్టకుండా ఎలా నడపాలి, ఒకే ఆకారాన్ని ఎన్నిసార్లు తిప్పి వేస్తే లయ వస్తుంది. ఇవన్నీ ఆ అమ్మాయి కుడుతూ కుడుతూనే తేల్చుకుంటోంది. చెరిపేసి మళ్లీ గీసే సౌకర్యం ఆమెకు లేదు, తప్పితే దారం విప్పాలి. దీన్ని 'నైపుణ్యం' అని పిలిచి, ల్యాప్‌టాప్‌లో అదే త్రిభుజాన్ని కాపీ చేసి పేస్టు చేసినవాడి పనిని 'సృజన' అని పిలిచే అలవాటు ఎవరిది? ఇక్కడ ఆలోచించేవాళ్లు ఒకరు, చెయ్యి ఆడించేవాళ్లు మరొకరు అన్న విభజనకు చోటే లేదు. ఆ విభజన ఫ్యాక్టరీలో పుట్టింది. దాన్ని తెచ్చి కొండమీద వెతికితే కనపడదు, కనపడలేదు కాబట్టి ఇక్కడ డిజైనే లేదనుకుంటారు.

సరే, అవతలి వాదం బలమెంతో కూడా చూద్దాం, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత పనివాళ్లు ఉన్నారు. వాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు నెల రాబడి 5,000 రూపాయల లోపే. ఈ అంకె చూపించి, చూశారా, ఇదీ చేతిపని సంగతి అంటారు. అంకె నిజమే. దాని నుంచి తీసే నీతే తప్పు. ఒక పనికి కూలి తక్కువ ఇస్తున్నారన్నది ఆ పని విలువ తక్కువని రుజువైతే, వరి నాట్లు వేసే ఆడకూలీల పని దేశంలో అందరికంటే పనికిమాలినదై ఉండాలి.

కూలి ఎలా తగ్గుతుందో, ఎవరు తగ్గిస్తారో తెలుసుకోవాలంటే ఒకసారి నరసాపురం వెళ్లాలి.

పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో లేసు అల్లిక నేర్పారు. మొదట క్రైస్తవంలోకి మారిన పేద ఆడవాళ్లు అల్లారు. తర్వాత గడప దాటకూడదన్న కట్టుబాటున్న కాపు ఇళ్లలోకీ ఆ పని పాకింది. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఆ ఇళ్ల అరుగుల మీద కూర్చుని, ఎవరికి ఎంత ముడుతోందో లెక్కలు వేసింది. 1982లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. తెలుగునాట జరిగిన ఒక చేతిపని మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం అది. మనం మాత్రం చదవలేదని అనుమానం, చదివుంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

ఆమె చూసింది ఇది. ఆ ఆడవాళ్లు ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరేడు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వాళ్లు అల్లిన లేసు యూరప్‌కూ అమెరికాకూ ఎగుమతి అవుతోంది, ఎగుమతిదారులు మేడలు కట్టారు. అల్లినవాళ్లకు దక్కేది పొలంలో ఆడకూలికి ఇచ్చే డబ్బుకంటే తక్కువ. ఇంత తేడాను మోసిందెవరు? 'వాళ్లు పనివాళ్లు కాదు, గృహిణులు. ఖాళీగా కూర్చోలేక అల్లుకుంటారు' అన్న నమ్మకం. ఆ మాట ఎగుమతిదారు అన్నాడు, ఏజెంటు అన్నాడు, భర్తలూ అన్నారు. అల్లే ఆడవాళ్లే ఆ మాట అనడం అన్నిటికంటే విషాదం. తీరిక వేళలో చేసే పనికి కూలి అడగడమేమిటన్న మొహమాటం వాళ్లది. పని కూడా ముక్కలు చేశారు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని చేసేది మరొకరు. ఎవరి చేతిలోనూ పూర్తయిన వస్తువు ఉండదు. తానే తీసుకెళ్లి అమ్ముకుందామంటే అమ్మడానికి ఏముంది, పది పువ్వులు తప్ప!

ఇది కుట్ర అని మీస్ అనలేదు, నేనూ అనను. కుట్ర అవసరమే లేదు. తీరిక పని అన్న ఒక్క మాట ఒప్పుకుంటే మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది. గంటలు లెక్కపెట్టాల్సిన పని ఉండదు. కనీస వేతన చట్టం ఆ అరుగు ఎక్కదు. సంఘం పెట్టాలన్న ఊహ రాదు. నరసాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు పత్రంలో ఎక్కడా ఒక పువ్వు అల్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో, ఆ నిమిషానికి ఎంత ఇవ్వాలో ఉండదు. ఉండాల్సిన చోటు అది కాదని చట్టం తెలిసినవాళ్లు అంటారు. మరి ఏ చోటు?

ఇప్పుడు కల్యాణసింగ్‌పూర్ వైపు చూడండి. 'డొంగ్రియా అమ్మాయిలు కాలక్షేపానికి కుట్టుకుంటారు' అని అభిమానంతో రాసే ప్రతి వాక్యమూ నరసాపురం ఎగుమతిదారు మాటకు చెల్లెలే. అవును, వాళ్లు పోడు పని అయిపోయాక కుడతారు. పసుపు తవ్వకం, అనాసపళ్ల కోత లేని రోజుల్లో కుడతారు. అయితే ఏం? వకీలు ఆదివారం పూట దస్తావేజు రాసిచ్చి ఫీజు తగ్గించుకుంటాడా? పని ఏ వేళలో చేశారన్నది చేసినవాళ్ల ఇష్టం, దాని ధరకూ ఆ వేళకూ సంబంధం లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. శాలువాకు ముప్పై పనిదినాలు పడుతుందనుకుందాం, పనితనాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. ఒడిశాలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 254 రూపాయలు. మట్టి తవ్వినందుకు ప్రభుత్వం ఇచ్చే ఆ కూలినే, ఏ పనితనమూ అక్కర్లేని ఆ రేటునే సూదిపనికీ కడితే 7,620 రూపాయలు. గుడ్డ, దారం, దుకాణం అద్దె, అమ్మకందారు లాభం ఇంకా కలపలేదు. మేళాలో శాలువా పట్టుకుని తిరగేసి, 'ఇంతా? కాస్త తగ్గించమ్మా' అనే మనం, చెరువు తవ్విన కూలికంటే తక్కువకు కళ అడుగుతున్నామన్నమాట.

కొనేవాళ్లు ఎక్కడున్నారండీ అని వెంటనే అడుగుతారు. మీ ఇంట్లోనే ఉన్నారు. గత ఇరవై ఏళ్లలో ఆంధ్రా, తెలంగాణల్లో 'మగ్గం వర్క్' బోర్డు లేని బజారు ఉందా? మండల కేంద్రంలో కూడా రెండుంటాయి. పెళ్లికూతురి జాకెట్టుకు జర్దోసీ, పూసలు, కుందన్లు, వీపు మీద నెమలి. చీర ఎనిమిది వేలైతే జాకెట్టు పన్నెండు వేలయ్యే ఇళ్లు చూస్తున్నాం. అక్కడ ఎవరూ చేతి కుట్టు బతుకుతెరువు కాదనడం లేదు, అడ్వాన్సు ఇచ్చి నెల ముందే వరుసలో నిలబడుతున్నారు. కాబట్టి చేతి ఎంబ్రాయిడరీకి గిరాకీ లేదన్నది తెలుగు పెళ్లిళ్లకు వెళ్లనివాళ్లు చెప్పాల్సిన మాట. ఆ బోర్డు వెనక గదిలో చట్రం చుట్టూ కూర్చుని కుట్టే కుర్రాళ్లు, వాళ్లలో చాలామంది బెంగాల్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్లు, ఆ పన్నెండు వేలలో ఎంత తీసుకుంటారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడిగితే మళ్లీ మొదటికే వస్తాం: గిరాకీ ఉంది, డబ్బు ఉంది, చేతి దాకా రావడం లేదు.

సినిమా దుస్తుల సంగతి మనవాళ్లకు బాగా దగ్గర కాబట్టి అది కూడా మాట్లాడుకోవాలి. కాస్ట్యూమ్ డిజైన్ అనగానే గౌరవం. ఆ గౌరవం న్యాయమైనదే. 'గాంధీ' సినిమాకు 1983లో భాను అథయ్యా ఆస్కార్ అందుకుంది, భారతీయులకు వచ్చిన మొదటి ఆస్కార్ అది. జాన్ మోలోతో కలిసి అందుకుంది. 'మహానటి'కి 66వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ దుస్తుల అవార్డు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ కలిపి ఇచ్చారు. నాకు ఇక్కడ ఆసక్తి అవార్డు మీద కాదు, కలిపి ఇచ్చిన పద్ధతి మీద. దుస్తులు ఒక్కరి పని కాదని, పేర్లు పంచుకోవచ్చని, పంచుకుంటే ఎవరి కీర్తీ తరగదని ఆ రంగమే ఒప్పుకుంది. ముగ్గురి పేర్లు పట్టిన చోట నేసినవాళ్ల పేరు, కుట్టినవాళ్ల పేరు ఎందుకు పట్టవు? సినిమా చివర టైటిల్స్‌లో టీ ఇచ్చిన ప్రొడక్షన్ అబ్బాయి పేరు వేస్తారు, వేయాలి కూడా. ఆ వరుసలో నాలుగు మగ్గాల పేర్లు వేస్తే తెర చిరగదు.

పేరు వస్తే ఏమవుతుందో చూపడానికి దూరం పోనక్కర్లేదు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతవాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో ఎరుపు, ముదురు గోధుమ రంగులద్దిన బట్ట నేస్తారు. ఒడిశాలో మొదటి జీఐ, 2005లో, దానికే వచ్చింది. ఆ నేతకే గోబర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. కలంకారీకి గురప్పశెట్టికీ, పోచంపల్లి ఇక్కత్‌కు గజం గోవర్ధనకూ ఇచ్చినట్టే. వాళ్లను ఎవరూ కార్మికులని పిలవరు, కళాకారులంటారు, వాళ్ల పని అడిగి మరీ కొంటారు. చేతికి పేరు తగిలితే ధర మారుతుందని దీన్నిబట్టి తేలుతోంది. ఆ పేరు పదేళ్లకొకసారి ఒకరికి పద్మశ్రీగా రావాలా, ప్రతి బిల్లు మీదా రావాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

డిజైన్ చదువు కొండకు ఎక్కదని, ఎక్కినా ఆ పిల్లలకు అర్థం కాదని ఇంకొందరు పెదవి విరుస్తారు. కచ్‌లో ఈ వాదం ఓడిపోయి ఇరవై ఏళ్లయింది. జూడీ ఫ్రేటర్ చొరవతో కళారక్ష సంస్థ 2005లో చేతివృత్తుల వాళ్ల కోసమే డిజైన్ బడి తెరిచింది. తర్వాత 2014లో సోమయ్యా కళా విద్య వచ్చింది. చదువు వాళ్ల భాషలోనే. ఏడాది పొడుగునా కూర్చోబెట్టరు, కొన్నాళ్లు బడి, మధ్యలో ఇంటికి పోయి సొంత పని. అక్కడ చదివిన నేతవాళ్లు, అద్దకంవాళ్లు, కుట్టుపని చేసే ఆడవాళ్లు ఇవాళ తమ పేరుతో సరుకు తీసి అమ్ముతున్నారు. నగరం నుంచి వచ్చిన డిజైనరు చెప్పింది కుట్టి ముక్కకింత తీసుకోవడానికీ, తన సంకలనం తాను తీసి ధర తాను చెప్పడానికీ మధ్య తేడా అది. కువిలో పాఠం చెప్పే అలాంటి బడి కల్యాణసింగ్‌పూర్‌లో పెట్టడానికి బాక్సైటు గనికి కావలసిన పెట్టుబడిలో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. అక్కడ డొంగ్రియాల అభివృద్ధి ఏజెన్సీలు చటికోనలో 1978 నుంచి, కల్యాణసింగ్‌పూర్ బ్లాకులోని పర్సాలీలో 1980ల చివరి నుంచి ఉన్నాయి. భవనాలు కొత్తగా కట్టాల్సిన పని కూడా లేదు.

దానికి బదులు ఇప్పుడేం జరుగుతోంది? 2014లో మొదలైన గ్రామీణ కౌశల్య పథకం కింద దక్షిణ ఒడిశా గిరిజన పిల్లలకు కుట్టుమిషన్ ఆపరేటర్ శిక్షణ ఇచ్చి తిరుప్పూరు, బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పంపుతున్నారు. వెళ్లాలనుకున్న పిల్లను వెళ్లొద్దనే హక్కు నాకు లేదు. నెల జీతం, కొత్త ఊరు, సొంత ఫోను, ఇవి చిన్న విషయాలు కావు. కానీ ప్రభుత్వ కాగితాల్లో దీన్ని 'నైపుణ్యం లేని యువతికి నైపుణ్యం' అని రాస్తారు చూడండి, అక్కడ నాకు మండుతుంది. గీత గీయకుండా శాలువా నిండా కొండలు నిలబెట్టగల పిల్లను తీసుకెళ్లి, రోజంతా చొక్కా కాలరు అంచు మాత్రమే కుట్టించి, ఇప్పుడు నైపుణ్యం వచ్చిందంటారు. నరసాపురంలో పువ్వు ఒకరికి, అతుకు ఒకరికి ఇచ్చిన కథే ఇది, ఈసారి కరెంటు మిషను మీద.

యంత్రం గురించి ఎక్కువ చెప్పను. యంత్రం చేతిపనికి శత్రువనేవాళ్లు చింతకింది మల్లేశం తల్లిని అడిగి ఉండాల్సింది. ఇక్కత్ చీరకు ఆసు పోయడానికి ఆ తల్లి రోజుకు వేలసార్లు చేయి చాచి దారం చుట్టేది, భుజం పడిపోయేది. కొడుకు ఆసు యంత్రం కనిపెట్టి దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి. 2017లో అతనికి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నొప్పిని తీసేసింది, నేతను తీసేయలేదు. దెబ్బ కొట్టింది వేరే యంత్రం. ఇక్కత్ రంగులను పాలిస్టరు మీద అచ్చేసి, పోచంపల్లి అని చెప్పి మూడు వందలకు అమ్మే మిల్లు. ఆ అబద్ధాన్ని పట్టుకోవాల్సిన వాళ్లు పట్టుకోకుండా, కాలం మారిందని నిట్టూర్చడం మర్యాద కాదు.

ఆ పట్టుకునే పని జీఐ చేస్తుందని ఒక ఆశ ఉంది. 2024 జనవరిలో కపడాగండాకు జీఐ వచ్చినప్పుడు, ఇక సమస్య తీరిపోయినట్టే వార్తలు రాశారు. అదే విడతలో కోరాపుట్ కాలాజీరా బియ్యానికీ, లంజియా సవరల చిత్రాలకూ వచ్చింది. జీఐ ముఖ్యంగా కాపాడేది పేరును. కపడాగండా అని రాసి నకిలీ అమ్మితే ఆపొచ్చు. ఆ త్రిభుజాలనే మిల్లు గుడ్డ మీద అచ్చేసి 'ట్రైబల్ స్టోల్' అని అమ్మితే చట్టం చెయ్యి అంత సులువుగా ఆనదు. కొల్హాపురి చెప్పులకు 2019 నుంచి జీఐ ఉంది. అయినా 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా అలాంటి చెప్పులనే మిలాన్ వేదిక మీద, భారతదేశం ఊసెత్తకుండా నడిపించింది. గోల అయ్యాక, ప్రేరణ ఇక్కడిదేనని ఒప్పుకుంది. ఒప్పించింది జనం అరుపు, జీఐ పత్రం కాదు. మెక్సికోలో ఒక ఫ్రెంచ్ డిజైనరు 2015లో ఓ పల్లె జాకెట్టును కాపీ కొట్టిందన్న గొడవ లాంటివి పెరిగి పెరిగి, 2022 జనవరికి ఆదివాసీ సమూహాల సాంస్కృతిక సంపద మీద సామూహిక హక్కు ఇచ్చే చట్టం వచ్చింది. అలాంటి చట్టం ఇక్కడ కావాలని అడిగేవాళ్లు మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడిగే వేదికలు కూడా తగ్గాయి. అఖిల భారత చేనేత బోర్డును 2020 జులై 27న రద్దు చేశారు, జాతీయ చేనేత దినానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు. వారం తిరిగేసరికి హస్తకళల బోర్డూ పోయింది.

ఇక పవిత్రత వాదులు. అమ్మకానికి పెడితే కపడాగండా చెడిపోతుందని, అది కానుకగానే ఉండాలని వీళ్ల బాధ. వీళ్ల మాటలో ఒక నిజమైన భయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. బేరగాడు వచ్చి, 'ఎరుపు మాని లేత గులాబీ వేయండి, త్రిభుజం తీసి ఏనుగు వేయండి' అంటాడు. అన్నచోటల్లా ఆ కళ పల్చబడింది. కానీ దానికి మందు అమ్మకాన్ని ఆపడం కాదు, కాదనే అధికారాన్ని కుట్టేవాళ్ల చేతిలో పెట్టడం. తమ్ముడికిచ్చే శాలువా వేరు, బజారుకిచ్చే శాలువా వేరని ఆ అమ్మాయికి మనం చెప్పాలా? పెళ్లిళ్లలో పాడే గాయని కచేరీకి డబ్బు తీసుకున్నంత మాత్రాన బిడ్డకు జోల పాడటం మానేస్తుందా? పవిత్రత పేరుతో ధర వద్దనేవాళ్లు, చివరికి చేసే మేలు ఆ పవిత్ర వస్తువు చౌకగా కావాలనేవాళ్లకే.

ఏం చేయాలన్నదానికి పెద్ద పథకం రాయను, పథకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చాకలి ఉన్నాడు, పూలమాలలు కట్టేవాళ్లు ఉన్నారు, వలలు అల్లేవాళ్లు ఉన్నారు. నేతవాళ్లు లేరు, చేతి ఎంబ్రాయిడరీవాళ్లు లేరు. వాళ్లకు వేరే పథకాలున్నాయన్నది జవాబు. ఉన్నాయి. హస్తకళాకారులకు కేంద్రం 'పెహచాన్' కార్డు కూడా ఇస్తుంది. ఆ కార్డు మీద మనిషి పేరు ఉంటుంది. నేనడిగేది ఆ పేరు ఇంకో రెండు చోట్లకు నడిచి రావాలని. ఒకటి, జీఐ అధీకృత వాడుకదారుల జాబితాలోకి, సంఘం పేరు వెనక కుట్టే ఆడవాళ్లు ఒక్కొక్కరుగా. రెండు, శాలువా అమ్మిన ప్రతి బిల్లు మీదికి, పక్కన ఆమె పెట్టిన గంటలతో సహా. దుకాణం భువనేశ్వర్‌లోని ఉత్కళిక కావచ్చు, విశాఖలో లేపాక్షి కావచ్చు, హైదరాబాదులో డిజైనరు బొటిక్ కావచ్చు. గంటలు రాసిన బిల్లు చేతిలో పట్టుకుని, కాస్త తగ్గించమ్మా అనడం ఎవరికైనా కష్టమే.

అలా చేస్తే ధర పెరిగి ఎవరూ కొనరని అంటారు, ఇదే ఆఖరి అస్త్రం. కొనకపోనివ్వండి. నరసాపురం ఆడవాళ్లకు ఏజెంటు వద్దంటే ఆ పూట బియ్యం లేవు, అందుకే ఏ రేటుకైనా అల్లారు. నియమగిరి మీద పసుపు ఉంది, అనాస ఉంది, పనస ఉంది, పన్నెండు పల్లెలు కలిసి నిలబెట్టుకున్న కొండ ఉంది. గిట్టని ధర చెప్పినవాడిని పొమ్మని, కుట్టిన శాలువా తీసుకెళ్లి తమ్ముడికి కప్పగలదు ఆ పిల్ల. మన మార్కెట్లో చేతిపనివాళ్లలో ఇలా కాదనగల స్తోమత ఉన్నవాళ్లు చాలా తక్కువమంది. ధర మాట్లాడటం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.